వంటింట్లో ఓటు... వెనాచీలో తీర్పు

అక్టోబరు మూడో వారం. సియాటెల్ చుట్టుపక్కల అప్పటికే ముసురు పట్టి ఉంటుంది. మేపుల్ ఆకులు ఎర్రబడి, వానకు తడిసి, కాలిబాటలకు అంటుకుపోయి కనిపిస్తాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంటిముందు తపాలాపెట్టెలో ఓ మందపాటి కవరు పడుతుంది. కరెంటు బిల్లుకీ పిజ్జా కూపన్లకీ మధ్య ఇరుక్కుని వచ్చే ఆ కవర్లో ఉండేది బ్యాలెట్ పత్రం. వంటింటి బల్లమీద కాఫీ కప్పు పక్కన దాన్ని పరుచుకుని, పెన్నుతో గడులు నింపి, వాళ్లే ఇచ్చిన మరో కవర్లో పెట్టి అంటించి, పైన సంతకం చేస్తే సరి... ఓటు వేయడం అయిపోయినట్టే. క్యూ లేదు. వేలిమీద సిరాచుక్క లేదు. గుమ్మం దగ్గర చీటీలు రాసిచ్చే పార్టీ కార్యకర్తలూ లేరు. స్టాంపు కూడా అంటించక్కర్లేదు. 2018 నుంచి ఆ ఖర్చు ప్రభుత్వానిదే!

ఇది వాషింగ్టన్. అధ్యక్షుడు ఉండే వాషింగ్టన్ కాదు సుమా! అది అమెరికాకి తూర్పు కొసన ఉంటే, ఇది పడమటి కొసన పసిఫిక్ ఒడ్డున ఉన్న రాష్ట్రం. ఈ పేరు వెనక ఓ తమాషా ఉంది. 1853లో ఇక్కడి వలసదారులు తమ ప్రాంతానికి కొలంబియా అని పేరు పెట్టమని అడిగారు. అలా పెడితే రాజధాని ఉన్న డిస్ట్రిక్ట్ ఆఫ్ కొలంబియాతో జనం తికమకపడతారని కాంగ్రెసులోని పెద్దలు ఆలోచించి వాషింగ్టన్ అని ఖాయం చేశారు. తికమక ఎంత బాగా తీరిందో నూటడెబ్భై ఏళ్లుగా అందరూ చూస్తూనే ఉన్నారు.

తెలుగువాళ్లకి ఈ రాష్ట్రం కొత్తేమీ కాదు. మైక్రోసాఫ్ట్ ప్రధాన కార్యాలయం ఉన్న రెడ్‌మండ్ ఇక్కడిదే. హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల 2014లో ఆ సంస్థ పగ్గాలు అందుకున్నదీ ఇక్కడే. రెడ్‌మండ్, బెల్‌వ్యూ, సమామిష్ వీధుల్లో సాయంత్రంపూట నాలుగడుగులు వేస్తే ఎక్కడో ఒకచోట తెలుగు మాట చెవిన పడుతుంది. అయితే నాలుగేళ్లకోసారి అధ్యక్ష ఎన్నికలు వచ్చినప్పుడు మన టీవీలు చూపించే రాష్ట్రాల్లో దీని పేరు ఉండదు. ఎందుకుంటుంది? 1984లో రీగన్ తర్వాత ఏ రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థీ ఇక్కడ గెలవలేదు. ఫలితం ముందే తెలిసిన పరీక్షకి కెమెరాలు ఎవరు పట్టుకొస్తారు?

అసలు కథంతా ఆ బ్యాలెట్ కాగితం కింది వరసల్లో ఉంటుంది.

అధ్యక్షుడి పైన ఒక ప్రశ్న

వాషింగ్టన్ బ్యాలెట్‌లో అన్నిటికన్నా పైన ఉండేది అధ్యక్ష అభ్యర్థి పేరు అనుకుంటే పొరపాటే. రాష్ట్ర ప్రజలు సంతకాలు సేకరించి పెట్టిన చట్టాల ప్రతిపాదనలు ఏవైనా ఉంటే వాటికే పెద్దపీట. ఇది కావాలా, వద్దా? ముందు దానికి జవాబు చెప్పాక అధ్యక్షుడి సంగతి. పెద్దలు గంజాయి కొనుక్కోవడం నేరం కాదని ఈ రాష్ట్రం తేల్చిందీ, స్వలింగ వివాహాలకి సరేనన్నదీ 2012లో, ఒబామా రెండోసారి గెలిచిన అదే కాగితం మీద. 2024లోనూ అంతే. ట్రంప్, హారిస్‌ల పేర్లకి పైన నాలుగు ప్రతిపాదనలు కూర్చున్నాయి.

అధ్యక్షుడి తర్వాత అమెరికా కాంగ్రెసు పోటీలు. ఆ కిందే రాష్ట్రం సొంత కొలువు మొదలవుతుంది. మొదట గవర్నరు. మన గవర్నర్ల లాగా రాజ్‌భవన్‌లో ఉండే పదవి కాదది, మన ముఖ్యమంత్రికి సమానం. ఆ తర్వాత లెఫ్టినెంట్ గవర్నరు, ఎన్నికలు నిర్వహించే సెక్రటరీ ఆఫ్ స్టేట్, ఖజానా చూసే ట్రెజరరు, లెక్కలు తనిఖీ చేసే ఆడిటరు, అటార్నీ జనరల్, ప్రభుత్వ భూముల కమిషనరు, బళ్ల వ్యవహారాలకి ఓ సూపరింటెండెంటు, చివరికి బీమా కమిషనరు! మొత్తం తొమ్మిది పదవులు. కారు బీమా ప్రీమియం ఎంత ఉండాలో తేల్చే అధికారిని జనమే ఓటేసి ఎన్నుకుంటారంటే మనకి వింతే. వీళ్లందరి ఎన్నికా నాలుగేళ్లకోసారి, అధ్యక్ష ఎన్నిక రోజే జరుగుతుంది.

అధ్యక్షుడికి ఒక పార్టీకి వేసినవాళ్లు కింది వరసలన్నీ అదే పార్టీకి వేస్తారనేం లేదు. సెక్రటరీ ఆఫ్ స్టేట్ పదవి 1965 నుంచి 2021 దాకా రిపబ్లికన్ల చేతిలోనే ఉంది. 2020లో ఈ రాష్ట్రం బైడెన్‌కి భారీ ఆధిక్యం ఇచ్చింది. అవే కాగితాల మీద రిపబ్లికన్ కిమ్ వైమన్‌ని ఆ పదవిలో మళ్లీ కూర్చోబెట్టింది. అదే ఊపులో గవర్నరు పదవి కూడా రిపబ్లికన్లకి దక్కుతుందా అంటే... 1980లో జాన్ స్పెల్మన్ గెలిచాక ఇంతవరకూ దక్కలేదు. ఒక్కసారి మాత్రం దక్కినట్టే దక్కి చేజారింది. ఆ కథకే రావాలి.

కానీ అంతకన్నా ముందు అభ్యర్థుల గురించి ఓ మాట. ఇక్కడ పోటీ చేయాలంటే ఆ పదవి ఏడాది జీతంలో ఒక శాతం రుసుం కడితే చాలు. అందుకే 2020లో గవర్నరు పదవికి ఏకంగా 36 మంది బరిలోకి దిగారు. ఇంటింటికీ వచ్చే ఓటర్ల పుస్తకంలో ప్రతి అభ్యర్థి ఫొటో, తన గురించి తను రాసుకున్న నాలుగు ముక్కలూ అచ్చవుతాయి. అంతరిక్షంలో కాలనీలు కట్టాలనే 'గుడ్‌స్పేస్‌గై', సామాన్లు తరలించే వ్యాపారం చేస్తూ ప్రచారం కోసం అధికారికంగా పేరే మార్చుకున్న 'మైక్ ద మూవర్' ఈ పుస్తకానికి పాతకాపులు. ఆగస్టులో జరిగే తొలి వడపోతలో పార్టీలతో నిమిత్తం లేకుండా మొదటి ఇద్దరు మాత్రమే నవంబరుకి మిగులుతారు. ఇద్దరూ ఒకే పార్టీ అయినా సరే.

2024లో మరో చిత్రం జరిగింది. గవర్నరు పదవికి అప్పటి అటార్నీ జనరల్ బాబ్ ఫెర్గూసన్ నామినేషన్ వేశారు. గడువు ముగిసేసరికి చూస్తే బాబ్ ఫెర్గూసన్లు ముగ్గురు తేలారు! ఓ రిపబ్లికన్ కార్యకర్త అదే పేరున్న మరో ఇద్దర్ని వెతికి పట్టుకొచ్చాడు. ఒకే పేరుతో ఇద్దరు ముగ్గురు ఇండిపెండెంట్లని దించి ఓట్లు చీల్చే విద్యలో మనవాళ్లు ఎప్పుడో ఆరితేరారు కాబట్టి మనకి ఇందులో కొత్తేమీ లేదు. అక్కడ మాత్రం ఓటర్లని తికమకపెట్టే ఉద్దేశంతో పేరు కలిసేలా నామినేషన్ వేయడం నేరం. ఆ చట్టం గుర్తుచేయగానే ఇద్దరూ బుద్ధిగా తప్పుకున్నారు. అసలు బాబ్ నవంబరులో గెలిచారు.

పెట్టెకు నిప్పు

గడులు నింపిన కవరుని తపాలాలో వేయొచ్చు. చాలామంది మాత్రం బ్యాలెట్ పెట్టెల దగ్గరికే వెళతారు. గ్రంథాలయాల ముందు, పార్కుల పక్కన, బస్టాండుల్లో భూమిలోకి బిగించిన దిట్టమైన ఇనప పెట్టెలవి. సియాటెల్ ఉన్న కింగ్ కౌంటీ ఒక్కదాంట్లోనే 2024లో 80కి పైగా పెట్టారు. కారు ఆపి, అద్దం దించి, కవరు జారవిడిచి వెళ్లిపోవడమే. కుక్కని తిప్పడానికి వచ్చినవాళ్లు పనిలో పనిగా ఓటు కూడా వేసేస్తారు.

ఈ నిశ్చింతకి 2024 అక్టోబరు 28 తెల్లవారుజామున గట్టి దెబ్బే తగిలింది. రాష్ట్రానికి దక్షిణపు అంచున, కొలంబియా నది ఒడ్డున వాంకూవర్ అనే ఊరుంది. కెనడాలో ఉన్న వాంకూవర్ కాదు, ఈ రాష్ట్రంలోదే. పేర్ల విషయంలో ఈ ప్రాంతానికి ఏదో శాపం ఉన్నట్టుంది! ఆ ఊరి బస్సుల స్టేషను దగ్గరున్న బ్యాలెట్ పెట్టెకి ఎవరో నిప్పంటించే పరికరం తగిలించిపోయారు. మంటలార్పే పొడి లోపల ఉన్నా అది పనిచేయలేదు. పొగలు కక్కుతున్న పెట్టెలోంచి తడిసి, మాడిన కవర్లు వందల్లో బయటికొచ్చాయి. నది అవతల పోర్ట్‌లండ్‌లోనూ అదే రోజు మరో పెట్టెకి ఇలాగే జరిగింది.

ఇక్కడే ఈ పద్ధతిలోని కిటుకు అక్కరకొచ్చింది. కవరు మీద ఓటరు పేరు ఉంటుంది. అధికారులు కాలిన కవర్ల మీద చదవగలిగిన పేర్లన్నీ రాసుకుని ఆ ఓటర్లకి కొత్త బ్యాలెట్లు పంపారు. ఆ పెట్టెలో వేసినవాళ్లందరూ తమ కవరు చేరిందో లేదో సరిచూసుకోమని చాటింపు వేశారు. ఇక్కడ ప్రతి ఓటరూ తన కవరు ఎక్కడిదాకా వెళ్లిందో ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చు, పార్శిల్ జాడ చూసుకున్నట్టు. ఆనవాలే మిగలకుండా కాలిన కవర్ల సంగతి మాత్రం... వాటి యజమానులు అడిగితేనే!

సంతకం కుదరకపోతే

పెట్టెల్లోంచి తీసిన కింగ్ కౌంటీ కవర్లన్నీ సియాటెల్‌కి కాస్త దక్షిణాన రెంటన్ అనే ఊరికి చేరతాయి. ఎన్నికల కార్యాలయం అక్కడే. ఎవరైనా వెళ్లి లెక్కింపు చూడొచ్చు. సిబ్బంది పనిచేస్తుంటే అద్దాల గోడల ఇవతల వసారాలో నడుస్తూ, నిలబడి ఎంతసేపైనా గమనించొచ్చు. వేళ్లాడే కెమెరాలు సరేసరి.

అక్కడ ముందుగా తెరిచేది కవరు కాదు. కవరు మీది సంతకాన్ని చూస్తారు. కంప్యూటరు తెర మీద ఓటరు పాత సంతకం ఒక పక్కన, ఇప్పుడు చేసింది మరో పక్కన. రెండూ కలిస్తేనే కవరు తెరుస్తారు. కలవకపోతే ఆ కవరు పక్కకి వెళుతుంది. 'మీ సంతకం కుదరలేదు, సరిచేసుకోండి' అని ఓటరుకి ఉత్తరం వెళుతుంది. ఫలితాలు ఖాయం చేసే ముందురోజు దాకా గడువు ఉంటుంది. అప్పటికీ స్పందన లేకపోతే ఆ ఓటు అలా కవర్లోనే ఉండిపోతుంది. ఓటరు మాత్రం ఓటేశానన్న సంతోషంతో ఉంటాడు పాపం!

పెద్దవాళ్ల సంతకం ఏళ్ల తరబడి ఒకేలా ఉంటుంది. పద్దెనిమిది నిండిన కుర్రాడికి డ్రైవింగ్ లైసెన్సు నాటి సంతకమొకటి, ఇప్పటిదొకటి. 2020 ఎన్నికల కవర్లని రాష్ట్ర ఆడిటరు కార్యాలయం పరిశీలించి 2022లో నివేదిక ఇచ్చింది. నల్లజాతి ఓటర్ల కవర్లు శ్వేతజాతీయుల కవర్లకన్నా నాలుగు రెట్లు ఎక్కువగా తిరస్కరణకి గురయ్యాయని అందులో తేలింది. సంతకాలు చూసినవాళ్లు పక్షపాతం చూపారనడానికి ఆధారాలేవీ దొరకలేదని కూడా అదే నివేదిక చెప్పింది. మరి తేడా ఎందుకొచ్చినట్టు? నివేదిక చదివినవాళ్లకి ఆ ప్రశ్న మిగిలిపోతుంది.

పక్కన పెట్టిన కవరు ఎంత బరువైనదో ఈ రాష్ట్రానికి తెలిసొచ్చింది మాత్రం 2004లో.

పోయి దొరికిన 573

ఆ ఏడాది నవంబరు 2న దేశమంతా బుష్, కెర్రీల పోటీని చూస్తోంది. ఈ రాష్ట్రంలో కెర్రీ తేలిగ్గానే గెలిచారు. అదే కాగితం మీద గవర్నరు పదవికి అటార్నీ జనరల్‌గా ఉన్న డెమొక్రాట్ క్రిస్టీన్ గ్రెగ్వార్, రియలెస్టేట్ వ్యాపారి, మాజీ శాసనసభ్యుడు రిపబ్లికన్ డీనో రాసీ తలపడ్డారు. పోలైన ఓట్లు 28 లక్షల పైచిలుకు. రెండు వారాలపాటు లెక్క సాగి, చివరికి తేలిన ఆధిక్యం 261. గెలిచింది రాసీ.

తేడా రెండువేల లోపు ఉంటే యంత్రాలతో మళ్లీ లెక్కించాలని చట్టం. లెక్కించారు. ఆధిక్యం 42కి పడిపోయింది. అయినా గెలుపు రాసీదే. సెక్రటరీ ఆఫ్ స్టేట్ శామ్ రీడ్ నవంబరు 30న ఆ మాటే ప్రకటించారు. కాబోయే గవర్నరుగా రాసీ కొలువు కూర్పులో పడ్డారు.

మూడోసారి లెక్కించాలంటే ఒక్కటే దారి. చేతులతో, కాగితం కాగితం చూసి లెక్కపెట్టాలి. అందుకు ఖర్చు అడిగినవాళ్లే ముందుగా కట్టాలి. ఫలితం తారుమారైతేనే ఆ డబ్బు వాపసు. డెమొక్రాట్లు తలో చెయ్యీ వేసి 7 లక్షల 30 వేల డాలర్లు పోగుచేసి కట్టారు. జూదమే ఒక రకంగా!

డిసెంబరు రెండో వారం. కింగ్ కౌంటీ కౌన్సిల్ సభ్యుడు లారీ ఫిలిప్స్ తన పేటలో తిరస్కరించిన ఓట్ల జాబితా తిరగేస్తున్నారు. ఎవరెవరివి పోయాయో చూద్దామని. చూస్తూ చూస్తూ ఒకచోట ఆగిపోయారు. లారీ ఫిలిప్స్! తన పేరే. సాక్షాత్తూ కౌంటీ కౌన్సిల్ సభ్యుడి ఓటునే కౌంటీవాళ్లు చెల్లదని పక్కన పడేశారు. ఆరాతీస్తే విషయం బయటపడింది. ఆయన సంతకం కంప్యూటర్లోకి ఎక్కలేదు. అలాంటప్పుడు పాత కాగితం దస్త్రాల్లో వెతికి పోల్చాలి. సిబ్బంది ఆ పని చేయకుండా చెల్లదని రాసేశారు. ఆయన ఒక్కడి సంగతే అయితే క్షమాపణతో పోయేది. అలాంటివి మొత్తం 573 కవర్లు తేలాయి. వెతకగా వెతకగా ఆ సంఖ్య ఏడొందలు దాటింది.

గోల మొదలైంది. ముందు లెక్కలో లేనివాటిని ఇప్పుడెలా కలుపుతారని రిపబ్లికన్లు కోర్టుకెళ్లారు. కింది కోర్టు ఆపమంది. డిసెంబరు 22న రాష్ట్ర సుప్రీంకోర్టు లెక్కపెట్టమంది. ఈ కవర్లు కలపకముందే చేతి లెక్కలో గ్రెగ్వార్ 10 ఓట్ల ముందుకొచ్చారు. కలిపాక ఆ ఆధిక్యం 129 అయింది. ఆమెకి 13,73,361. రాసీకి 13,73,232. మూడో అభ్యర్థి, లిబర్టేరియన్ పార్టీ రూత్ బెనెట్‌కి వచ్చినవి 63 వేల పైచిలుకు. ఆవిడ పోటీలో లేకపోతే ఏమయ్యేదన్న చర్చ ఇప్పటికీ రెండు పార్టీల్లోనూ అప్పుడప్పుడూ లేస్తుంది.

రెండుసార్లు ఓడి మూడోసారి గెలవడం అంటే అటువైపువాళ్లకి ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. డిసెంబరు 30న గ్రెగ్వార్ గెలుపు పత్రం మీద సంతకం చేయాల్సింది మళ్లీ శామ్ రీడే. ఆయన రిపబ్లికన్. సొంత పార్టీవాళ్ల కోపం ఎంతటిదో తెలిసే, లెక్క ఏం చెబితే అదే అని సంతకం పెట్టారు. నెల తిరక్కుండానే తను ఒకసారి గెలిచాడన్న మనిషిని ఓడిపోయాడని రాయడం చిన్న విషయమేం కాదు.

ఒలింపియాలో ప్రమాణం

సియాటెల్ నుంచి దక్షిణంగా వంద కిలోమీటర్లు వెళితే రాష్ట్ర రాజధాని ఒలింపియా వస్తుంది. ఊరు చిన్నది. శాసనసభ భవనం మాత్రం ఘనంగా ఉంటుంది. 287 అడుగుల ఎత్తైన గుమ్మటంతో 1928లో పూర్తయిన రాతి కట్టడం. గుమ్మటం నడిమధ్య నుంచి నాలుగున్నర టన్నుల కంచు షాండ్లియరు గొలుసుకి వేలాడుతుంటుంది. 2001 ఫిబ్రవరి భూకంపం ఈ భవనాన్ని బాగానే కుదిపేసింది. మెట్ల దగ్గర జార్జి వాషింగ్టన్ కంచు విగ్రహం ఉంటుంది. ముట్టుకుంటే మంచి జరుగుతుందని వచ్చేపోయేవాళ్లందరూ రుద్ది రుద్ది ఆయన ముక్కు ఒక్కటే తళతళలాడేలా చేశారు. మన గుళ్లో నంది చెవులు గుర్తొస్తే తప్పులేదు.

2005 జనవరి 12న గ్రెగ్వార్ ఇక్కడే ప్రమాణం చేశారు. బయట మళ్లీ ఎన్నిక పెట్టాలంటూ జనం నినాదాలు. అప్పటికే రాసీ పక్షం కోర్టులో దావా వేసింది. వాళ్లు ఎంచుకున్న కోర్టు సియాటెల్‌లో లేదు, ఒలింపియాలోనూ లేదు. కొండల అవతల ఉంది.

కొండ దాటితే వేరే దేశం

కాస్కేడ్ పర్వతాలు ఈ రాష్ట్రాన్ని నిలువునా చీలుస్తాయి. సియాటెల్ నుంచి రెండో నంబరు హైవే పట్టుకుని స్కైకోమిష్ నది వెంట పోతుంటే దారికి రెండువైపులా నాచుపట్టిన దేవదారు చెట్లు, ధారగా వాన. నాలుగువేల అడుగుల ఎత్తున స్టీవెన్స్ పాస్ కనుమ. అక్కడి నుంచి దిగుతుంటే ఆకాశం తేటపడిపోతుంది. వాన మబ్బులన్నీ పడమటివైపే కురిసిపోవడం వల్ల తూర్పుకి చినుకు మిగలదు. కోనసీమలో బస్సెక్కి పూట తిరక్కుండా అనంతపురంలో దిగినట్టు ఉంటుంది. దారిలో లెవెన్‌వర్త్ అనే ఊరు పలకరిస్తుంది. కలప వ్యాపారం పడిపోయి మూతబడబోయిన ఈ ఊరివాళ్లు 1960లలో ఇళ్ల ముఖాలన్నీ జర్మనీ పల్లెల పద్ధతిలో మార్చేసుకుని పర్యాటకంతో బతికి బట్టకట్టారు. అది దాటాక పళ్లతోటలు మొదలవుతాయి. అవి పలచబడేచోట, వెనాచీ నది కొలంబియాలో కలిసేచోట వెనాచీ ఊరు. ఆపిల్ పళ్లకి ప్రపంచ రాజధాని అని చెప్పుకుంటుంది. అమెరికాలో పండే ఆపిల్ పళ్లలో సగానికి పైగా ఈ రాష్ట్రానివే కాబట్టి ఆ గొప్పలో కొంత నిజముంది.

కొండలకి పడమట జనం, కంప్యూటర్లు, డెమొక్రాట్లు. తూర్పున పొలాలు, ఆనకట్టలు, రిపబ్లికన్లు. ఇది మరీ మోటు లెక్కే గానీ, ఎన్నికల పటం చూస్తే దాదాపు అలాగే ఉంటుంది. 2004లో 39 కౌంటీల్లో అత్యధికం రాసీవి. సియాటెల్ ఒక్కటే అటు తూకం వేసి ముంచిందన్న బాధ ఈ తూర్పు ఊళ్లలో గట్టిగా ఉంది. రిపబ్లికన్లు వెనాచీలోని షెలాన్ కౌంటీ కోర్టుని ఎంచుకోవడంలో ఆ ధీమా లేదంటే ఎవరూ నమ్మరు.

2005 మే 23న విచారణ మొదలైంది. ఓటు హక్కు పోయిన నేరస్తులు ఓట్లేశారు, చనిపోయినవాళ్ల పేర్ల మీద ఓట్లు పడ్డాయి, సరిచూడాల్సిన బ్యాలెట్లు వందలకొద్దీ నేరుగా యంత్రంలోకి పోయాయి... ఇవీ ఆరోపణలు. చాలావాటికి రుజువులున్నాయి. జడ్జి జాన్ బ్రిడ్జెస్ రెండు వారాలు ఓపిగ్గా విని జూన్ 6న తీర్పు చదివారు. చెల్లని ఓట్లు 1,678 పడ్డాయని ఒప్పుకున్నారు. ఆధిక్యం 129. చెల్లనివి 1,678. మరింకేం, ఎన్నిక రద్దే అనుకుంటాం కదా?

జడ్జి అడిగింది ఒక్కటే ప్రశ్న. ఆ 1,678లో ఎన్ని గ్రెగ్వార్‌కి పడ్డాయో చూపించారా? పేటలో నూటికి అరవైమంది ఆమెకే వేశారు గనక అక్కడి చెల్లని ఓట్లలోనూ అరవై శాతం ఆమె ఖాతాలోంచి తీసేయాలని రిపబ్లికన్ల నిపుణులు లెక్కగట్టారు. పక్కింటివాళ్లు ఎవరికేశారో చూసి ఒక మనిషి ఎవరికేశాడో చెప్పలేమని జడ్జి ఆ లెక్కని తోసిపుచ్చారు. ఎవరికి వేశారో రుజువైనవి ఐదే ఐదు. ఐదుగురు మాజీ నేరస్తులు తాము ఎవరికి ఓటేశారో ప్రమాణపత్రం రాసిచ్చారు. నలుగురు వేసింది రాసీకి! ఒకరు బెనెట్‌కి. జడ్జి ఆ నాలుగూ రాసీ ఖాతాలోంచి తీసేశారు. దావా వేసినవాళ్ల ఓట్లే తగ్గి, గ్రెగ్వార్ ఆధిక్యం 133కి పెరిగింది.

ఎన్నికల నిర్వహణ సవ్యంగా జరగలేదని జడ్జి చీవాట్లు పెట్టడం మాత్రం మానలేదు. రాసీ ఆ సాయంత్రమే పైకోర్టుకి వెళ్లనని చెప్పేశారు. 2008లో అవే పేర్లు, అదే పదవి. ఈసారి గ్రెగ్వార్ సులువుగా గెలిచారు. కింగ్ కౌంటీలో ఎన్నికల అధికారిని కూడా జనమే ఎన్నుకోవాలని ఓటర్లు తేల్చిందీ ఆ ఏడాదే. నేరస్తుల ఓటు హక్కు గందరగోళం మరి కొన్నేళ్లు నడిచి, 2022 నుంచి జైలు బయటికి వచ్చినవాళ్లందరికీ ఓటు ఇవ్వడంతో తీరింది. పోలింగు బూతులు ఒక్కొక్కటే మూసేస్తూ వచ్చి, 2011 చట్టంతో రాష్ట్రమంతా కవర్లలోకి మారిపోయింది.

మళ్లీ అదే ఆట

ఇరవై ఏళ్లకి, 2024లో, ఈసారి ప్రభుత్వ భూముల కమిషనరు వంతు వచ్చింది. ఆ పదవి పేరు చూసి చిన్నదనుకోకూడదు. 56 లక్షల ఎకరాల అడవులు, నేలలు, నీటి అడుగు భూములు ఆ ఒక్క మనిషి చేతికింద ఉంటాయి. కలప అమ్మితే వచ్చే డబ్బుతో బడులు కడతారు. వేసవిలో కార్చిచ్చులతో పోరాడే దళమూ ఆ కార్యాలయానిదే.

ఆగస్టు వడపోతలో ఏడుగురు నిలబడ్డారు. ఐదుగురు డెమొక్రాట్లు, ఇద్దరు రిపబ్లికన్లు. ఐదుగురూ ఓట్లు పంచుకోవడంతో రిపబ్లికన్ హెమీ హెరేరా బ్యూట్లర్ మొదటి స్థానంలో నిలిచారు. రెండో స్థానానికి డెమొక్రాట్ డేవ్ అప్‌థిగ్రోవ్, రిపబ్లికన్ సూ క్యూల్ పెడర్సన్ మధ్య పోటీ. ఇద్దరికీ తలో నాలుగు లక్షల దగ్గర ఓట్లు. పెడర్సన్ రెండో స్థానంలో వచ్చుంటే నవంబరు బ్యాలెట్‌లో ఇద్దరూ రిపబ్లికన్లే ఉండేవాళ్లు, డెమొక్రాట్ల కంచుకోటలో!

కార్యకర్తలు వీధుల్లో పడ్డారు. సంతకం కుదరని కవర్ల జాబితా పట్టుకుని ఇంటింటికీ తిరిగి, 'అమ్మా, మీ ఓటు ఆగిపోయింది, ఈ కాగితం మీద సంతకం పెట్టి పంపండి' అని బతిమాలారు. లారీ ఫిలిప్స్ కథ తెలిసినవాళ్లెవరూ ఆ జాబితాని తేలిగ్గా తీసుకోరు మరి. లెక్క తేలేసరికి తేడా 51. చేతులతో మళ్లీ లెక్కిస్తే 49. అప్‌థిగ్రోవ్ గట్టెక్కి నవంబరులో గెలిచారు.

ఇక ఎన్నికల రోజు రాత్రి. బెల్‌వ్యూలోనో రెడ్‌మండ్‌లోనో ఓ బ్యాలెట్ పెట్టె ముందు కార్ల వరస. వాటిలో తెలుగు కుటుంబాలూ ఉంటాయి. చాలా ఇళ్లలో కవరు ఒకరికే వస్తుంది. భార్యకి పౌరసత్వం వచ్చుంటుంది, భర్త గ్రీన్‌కార్డు దగ్గరే ఆగి ఉంటాడు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి అదీ లేదు. పన్నులు కడతారు, బడుల పన్ను పెంచే ప్రతిపాదన మీద భోజనాల దగ్గర గంటలకొద్దీ వాదించుకుంటారు, కవరు మాత్రం రాదు. ఓటర్ల పుస్తకం చైనీస్, కొరియన్, వియత్నామీస్, స్పానిష్ భాషల్లో దొరుకుతుంది. తెలుగులో దొరకదు. ఇక్కడే పుట్టిన పిల్లలు మాత్రం పద్దెనిమిది నిండగానే బ్యాలెట్ అందుకుంటారు. అమ్మానాన్నలకి లేని ఓటు ఇంట్లో మొదటగా వచ్చేది ఒక్కోసారి వాళ్లకే.

అమ్మ చేతిలో కవరు లాక్కుని ఓ చిన్నది కారు కిటికీలోంచి వంగి పెట్టెలోకి జారవిడుస్తుంది. పక్కనే ఇద్దరు సిబ్బంది గొడుగు కింద నిలబడి గడియారం చూసుకుంటూ ఉంటారు. ఎనిమిది కాగానే వరసలో చివరి కారు ఏదో గుర్తుపెట్టుకుంటారు. ఆ కారు దాకా ఓట్లు తీసుకుని పెట్టె నోటికి తాళం వేస్తారు. కవర్లన్నీ సంచుల్లోకి ఎత్తి, సీలు వేసి, బండిలో పెట్టుకుని వానలో రెంటన్ దారి పడతారు. సంతకాలు చూసేవాళ్లు అక్కడ ఇంకా ఇళ్లకి వెళ్లి ఉండరు.